వెండి ఎవరి ఇంట దాగి ఉన్నది?

సోలై నగర్ (పుదుచ్చేరి):

పార్లమెంటు శీతాకాల సమావేశాలు 2025 డిసెంబరు 19న ముగిసిన తరువాత, ఢిల్లీ చలికీ పొగకూ కొద్ది రోజులు దూరంగా ఉండవలెనన్న కోరికతో పుదుచ్చేరి వెళ్ళాను. పట్టణానికి ఉత్తరపు కొసన, ముత్యాలుపేట దాటిన తరువాత సముద్రపు ఒడ్డున ఉన్న సోలై నగర్‌లో నా చిరకాల మిత్రులొకరు స్థిరపడి ఉన్నారు. వారిది యానాం. ఉద్యోగరీత్యా పుదుచ్చేరి వచ్చి, పదవీ విరమణ చేసిన తరువాత కూడా సముద్రపు గాలిని విడిచిపోలేక ఇక్కడనే ఉండిపోయారు. ఇంటి అరుగు మీద కూర్చుంటే ఒడ్డుకు లాగిన పడవలు, ఆరవేసిన వలలు కనిపిస్తాయి. రాజకీయాలు మాట్లాడకూడదని ఇద్దరమూ ముందుగానే ఒప్పందం చేసుకున్నాము. ఆ ఒప్పందాన్ని రెండవ రోజు ఉదయమే భంగపరచినది ఒక చేపలమ్మి.

వారి ఇంటికి ప్రతిరోజూ వచ్చే మనిషి ఆమె. ఆ రోజు సముద్రం కల్లోలంగా ఉన్నందున గంపలో చేపలు తక్కువ, మాటలు ఎక్కువ. నేను ఢిల్లీనుంచి వచ్చిన పత్రికా రచయితనని మిత్రుల శ్రీమతి చెప్పగానే ఆమె గంప దించి సూటిగా ఒక ప్రశ్న వేసింది. మిత్రులు దానిని తెలుగు చేశారు. "అయ్యా, పెద్దవాళ్ళు వెండినంతా దాచిపెట్టేశారట గదా. వాళ్ళు ఎప్పుడు బయటికి తీస్తారు? తై నెలలో మా అమ్మాయి పెళ్ళి. పట్టీలు ఇప్పుడే కొనమంటారా, తగ్గేదాకా ఆగమంటారా?"

ఆమె కథ అంతకుముందు వేసవిలో మొదలైనది. తూర్పుతీరంలో చేపలు గుడ్లుపెట్టే కాలమని ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు, అరవై ఒక్క రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. ఆ రోజుల్లో మత్స్యకారుల ఇళ్ళలో పొయ్యి వెలగడానికి ప్రభుత్వమిచ్చే సహాయం కొంత, తాకట్టు కొట్టు కొంత ఆధారం. ఈమె తన పెళ్ళినాటి వెండి పట్టీలను, రెండు వందల గ్రాముల బరువైనవాటిని, మే నెలలో ఎనిమిది వేల రూపాయలకు కుదువపెట్టింది. అప్పుడు కిలో వెండి లక్ష రూపాయలకు కొంచెం అటూ ఇటూ. వడ్డీ కట్టలేక, గడువు తప్పి, దీపావళినాటికి ఆ పట్టీలు కొట్టువానివైపోయాయి. డిసెంబరులో కిలో వెండి రెండు లక్షలు దాటింది. వెండి ధర రెట్టింపైన సంవత్సరంలో, చేతిలో వెండి ఉండి కూడా, ఆమెకు దక్కినది ఎనిమిది వేలు.

వాణిజ్య పుటలలో వెండిని గురించి వచ్చే రాతలలో ఈమెవంటి వారి ప్రసక్తి ఉండదు. వెండి నిలువలు, దొంగ నిలువలు, ధరల భవిష్యత్తు అనే పెద్ద మాటలకు అసలు అర్థం ఈమె ప్రశ్నలోనే ఉన్నదని నాకు తోచింది.

అక్టోబరులో జరిగినదేమిటి?

పెద్దవాళ్ళు దాచారన్న మాట ఆమెకు కొట్టువాడు చెప్పినది. కొట్టువానికి అంగడివీధి చెప్పినది. ఆ మాట నేను దీపావళికి ముందే ఢిల్లీలో, చాందినీ చౌకులోని దరీబా కలాన్ వెండి వీధిలో విన్నాను. కడ్డీలకోసం వచ్చినవారిని దుకాణదారులు ముందుగా డబ్బు కట్టి వెళ్ళమనీ, సరుకు తరువాత వస్తుందనీ అంటూ ఉన్నారు. వెండి పథకాలను నడిపే కొన్ని మ్యూచువల్ ఫండ్లు, సరుకు దొరకడం కష్టమై, పెద్ద మొత్తాలలో కొత్త డబ్బును తీసుకోవడం కొన్నాళ్ళు నిలిపివేశాయి. ఔన్సు వెండి, అనగా 31.1 గ్రాములు, ప్రపంచ విపణిలో 1980నాటి గరిష్ఠ స్థాయియైన యాభై డాలర్లను ఆ అక్టోబరులోనే దాటింది. సంవత్సరాంతానికి డెబ్బయి డాలర్లను కూడా మించింది. ఆ తరువాతి వారాలలో ధర ఎంత వేగంగా కదిలినదో పాఠకులు చూసే ఉన్నారు.

మరి ఎవరైనా దాచినారా? లండన్ నగరపు భూగర్భ గిడ్డంగులలో అప్పుడు కూడా వేల టన్నుల వెండి ఉన్నది. అందులో అధికభాగం ఫండ్ల పేరున, లక్షలాది మదుపరుల పక్షాన బీగం వేసి ఉంచినది. అమ్మకానికి గాని, ఎరువుకు గాని దొరకగల వెండి అందులో స్వల్పభాగమే. అంతకుముందు అమెరికా సుంకాలు విధిస్తుందేమోనన్న భయంతో చాలా వెండి లండన్ విడిచి న్యూయార్క్ చేరింది. సరిగా అప్పుడే మన దీపావళి కొనుగోళ్ళు వచ్చిపడ్డాయి. వెండిని ఎరువిచ్చే వడ్డీ లండన్‌లో కనీవినీ ఎరుగని స్థాయికి పెరిగింది. చివరకు న్యూయార్క్‌నుంచి కడ్డీలను విమానాలలో తిరిగి తరలించవలసి వచ్చింది.

గిడ్డంగిలో ఉన్న వెండి వేరు, అంగడికి రాగల వెండి వేరు. ఈ తేడాను గ్రహించితే వెండి కథలో సగం గ్రహించినట్లే. దాచినారన్న అపవాదు పుట్టేదీ ఈ తేడాలోంచే.

బొంబాయి చెప్పిన పాఠం

నిజంగానే దాచి, ప్రపంచాన్ని తమ తలుపు తట్టేలా చేయాలని చూసినవారు లేకపోలేదు. వారిలో మొదటివారిలో ఒకరు మన దేశస్థులేనన్న సంగతి చాలామంది మరచిపోయారు. 1906లో స్థాపితమైన ఇండియన్ స్పీసీ బ్యాంకును బొంబాయిలో నడిపిన చునీలాల్ సరయ్యా, రూపాయలు ముద్రించడానికి ప్రభుత్వం తప్పక వెండి కొనవలసి వస్తుందని లెక్కవేసి, 1912 ప్రాంతాన పెద్దయెత్తున వెండిని కూడబెట్టారు. లండన్‌లోని ఇండియా ఆఫీసు ఆ తలుపు తట్టలేదు. శామ్యూల్ మాంటేగు అనే సంస్థ ద్వారా రహస్యంగా వేరొకచోట వెండిని కొన్నది. 1913 నవంబరులో స్పీసీ బ్యాంకు మూతపడింది. అందులో పోయినవి డిపాజిట్‌దారుల సొమ్ములు.

పార్లమెంటు వార్తలు రాసుకునే నావంటివానికి ఈ కథలో మరొక ఆకర్షణ ఉన్నది. ఆ రహస్యపు కొనుగోలుపై బ్రిటిష్ కామన్స్ సభలో ప్రశ్నల వర్షం కురిసింది. కొన్న సంస్థ భాగస్వామి సర్ స్టువార్ట్ శామ్యూల్ స్వయంగా సభ్యుడు. ప్రభుత్వంతో కాంట్రాక్టులో ఉన్నవాడు సభ్యుడుగా ఉండరాదన్న నిబంధనపై ఆయన స్థానం ఖాళీ అయింది. 1913 ఏప్రిల్‌లో వైట్‌చాపెల్‌లో ఉప ఎన్నిక జరిగి, ఆయనే మళ్ళీ గెలిచారు. భారత ప్రజల పన్నులతో, భారత ప్రజల రూపాయలకోసం కొన్న వెండిమీద ఓటు వేసే అవకాశం వైట్‌చాపెల్ ఓటర్లకు లభించింది, మనకు లభించలేదు.

అమెరికాలో టెక్సస్ నూనె కుబేరులు హంట్ సోదరులు, నెల్సన్ బంకర్, విలియం హెర్బర్ట్, అదే పని ఇంకా పెద్ద కొలతలో చేశారు. 1979 ఆరంభంలో ఔన్సు ఆరు డాలర్ల ప్రాంతంలో ఉన్న వెండి 1980 జనవరి మధ్యకు యాభై డాలర్లను తాకింది. వారి చేతిలో పది కోట్ల ఔన్సులకు మించిన వెండి, దానిపైన ఫార్వర్డు ఒప్పందాలూ ఉన్నాయి. అప్పుడు జరిగినవి రెండు. న్యూయార్క్ విపణి నిర్వాహకులు జనవరి 7న నిబంధనలు మార్చి అప్పుమీద కొనుగోళ్ళను బిగించారు. మరొక వైపు, ధర ఆకాశాన్ని అంటగానే సామాన్య గృహస్థులు అవ్వల కాలపు వెండి గిన్నెలు, చెంచాలు, దీపపు స్తంభాలు సంచులలో వేసుకొని కరిగించేవారి దుకాణాలముందు బారులు తీరారు. మార్చి 27 గురువారంనాడు ధర సగానికి పడి పదకొండు డాలర్ల దిగువకు చేరింది. 1988లో న్యూయార్క్ జ్యూరీ హంట్ సోదరులు విపణిని చేజిక్కించుకోవడానికి కుట్ర పన్నినారని తేల్చింది.

నిబంధనలు మార్చే అధికారం విపణి నిర్వాహకుల చేతిలో ఉన్నది. బీరువా తెరిచే అధికారం గృహిణి చేతిలో ఉన్నది. ఈ ఇద్దరినీ ఏకకాలంలో జయించిన కుబేరుడు ఇంతవరకు పుట్టలేదు.

తరువాతి కాలంలో వచ్చిన అపవాదులూ ఉన్నాయి. అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ సంస్థ దాదాపు 13 కోట్ల ఔన్సులు కొన్నట్లు 1998లో ప్రకటించినపుడు గగ్గోలు పుట్టింది. 2006నాటికి వారు దానిని అమ్మివేశారు. బడా బ్యాంకులు ధరను తొక్కిపెడుతున్నాయన్న ఫిర్యాదులపై అమెరికా నియంత్రణ సంస్థ అయిదేళ్ళపాటు విచారించి, చర్యకు ఆధారం లేదని 2013లో ముగించింది. అయినా 2020లో జె.పి. మోర్గాన్ బ్యాంకు, తన వర్తకులు బంగారం, వెండి మొదలైన విపణులలో ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టి ధరలను ఆడించినందుకు, తొంభై రెండు కోట్ల డాలర్లు చెల్లించింది. కాబట్టి అనుమానించేవారంతా అమాయకులని అనడానికి లేదు. అయితే విపణిలో మోసం జరగడం ఒకటి, ప్రపంచంలోని వెండి అంతా ఒకని నేలమాళిగలో ఉండడం మరొకటి.

సర్కారు కన్ను

మన దేశంలో దొంగ నిలువల అపవాదును ఎక్కువగా మోసినవారు కుబేరులు కారు, ప్రజలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రజలు కాగితం నోట్లు ఇచ్చి వెండి రూపాయలు అడగడం మొదలుపెట్టేసరికి టంకశాలలు చేతులెత్తివేశాయి. 1917 నవంబరు 30న తొలిసారిగా ఒక రూపాయి నోటు వెలువడినది అందుకే. మరుసటి సంవత్సరం అమెరికా పిట్‌మన్ శాసనం కింద తన వెండి డాలర్లనే కరిగించి ఇరవై కోట్ల ఔన్సుల వెండిని భారతదేశంకోసం అమ్మవలసి వచ్చింది. ఆ వెండి రూపాయలై మన పల్లెలకు చేరి, కడియాలూ మొలతాళ్ళూ అయిపోయింది.

రెండవ యుద్ధంలో అదే కథ పునరావృతమైంది. 1940 జూన్‌లో ప్రభుత్వం, సొంత అవసరానికి మించి రూపాయి నాణేలు సేకరించడం నేరమని ప్రకటించింది. అదే సంవత్సరం రూపాయిలో పన్నెండింట పదకొండు పాళ్ళు ఉన్న వెండిని సగానికి తగ్గించారు. 1947లో నికెల్ రూపాయి వచ్చి వెండి పూర్తిగా సెలవు తీసుకున్నది. నాణెంలో వెండిని తగ్గించినవారు పాలకులు, మంచి నాణేన్ని పెట్టెలో పెట్టుకున్నవారు ప్రజలు. నేరస్థులని పేరు పడినది మాత్రం పెట్టె ఉన్నవారికి.

స్వాతంత్ర్యం తరువాత బంగారంపై 1963లో నియంత్రణ వచ్చింది. 1968లో శాసనమై 1990వరకు నడిచింది. వెండికి ఆ బంధం లేదు. వెండికి వచ్చిన చిక్కు వేరొకటి. దేశంలో ధర తక్కువ, బయట ఎక్కువగా ఉన్న ఆ కాలంలో వెండి కడ్డీలు పడవలెక్కి దుబాయి చేరేవి. అందుచేత 1969లో కస్టమ్స్ శాసనంలో ఒక కొత్త అధ్యాయం చేర్చారు. సముద్రతీరంనుంచి నూరు కిలోమీటర్లకు మించని మేర ఏ ప్రాంతాన్నయినా ప్రభుత్వం నిర్దేశించవచ్చును. అక్కడ పదిహేను వేల రూపాయలకు మించిన విలువగల నిర్దిష్ట సరుకు ఉన్నవారు దానిని ఎక్కడ ఉంచినదీ అధికారికి తెలియజేయాలి, లెక్క రాయాలి, రవాణాకు చీటీ ఉండాలి. అలా నిర్దేశించిన సరుకులలో వెండి ముఖ్యమైనది. ఆనాటి ధరలలో పదిహేను వేలు పెద్ద మొత్తమే గాని, ఆ శాసనపు చూపు గమనించదగినది. తీరప్రాంతం ప్రభుత్వానికి అనుమానాస్పద ప్రాంతం. సోలై నగర్ వంటి బెస్తవాడలలోని పడవ ప్రతిదీ అధికారి కంటికి వెండిని దాటించగల పడవే.

ఇప్పుడు గాలి తిరిగింది. బయటికి పోయే వెండి స్థానంలో లోనికి వచ్చే వెండి పెరిగింది. 2024లో మన దేశం ఏడు వేల టన్నులకు మించి వెండిని దిగుమతి చేసుకున్నది. ఆ సంవత్సరం జులై 23న ప్రవేశపెట్టిన బడ్జెట్టులో బంగారం, వెండిపై సుంకాన్ని 15 శాతంనుంచి 6 శాతానికి తగ్గించడం అందుకు తోడ్పడింది.

టంకశాలకు వెళ్ళిన పళ్ళేలు

ఈ మాటలు సాగుతూ ఉండగా మిత్రులు నన్ను సాయంకాలం పాత పట్టణంవైపు తీసుకువెళ్ళారు. వెండి కథలో పుదుచ్చేరికి ఒక సొంత ప్రకరణం ఉన్నది. 1736లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాను అనుమతితో ఫ్రెంచివారు ఇక్కడ వెండి రూపాయలు ముద్రించడం ప్రారంభించారు. ఐరోపానుంచి ఓడలలో వచ్చిన స్పెయిను వెండి నాణేలు ఇక్కడ కరిగి, నెలవంక గుర్తుతో ఆర్కాటు రూపాయలుగా మారేవి. సరిగా ఆ సంవత్సరమే ఆనందరంగ పిళ్ళె తన దినచర్యను రాయడానికి పూనుకున్నారు. తరువాత డూప్లే వద్ద దుబాసీగా పేరుపొందిన ఈ తమిళ ప్రముఖునికి కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందమును అంకితమిచ్చిన సంగతి సాహితీప్రియులకు విదితమే. ఓడలు ఎప్పుడు వస్తాయి, వాటిలో వెండి ఎంత అన్నది ఆ దినాలలో ఈ పట్టణానికి ప్రాణప్రశ్న.

ఓడలు రాని కాలం కూడా వచ్చింది. 1759 అక్టోబరులో, జీతాలు అందక, వందవాసివద్ద ఫ్రెంచి సేనలు తిరుగుబాటు చేశాయి. ఖజానా ఖాళీ. సేనాని లాలీ తన సొంత సొమ్ము ఇచ్చి పుదుచ్చేరి వాసులను అర్థించారు. కౌన్సిలు సభ్యులు, పట్టణ ప్రముఖులు తమ ఇళ్ళలోని వెండి పళ్ళేలు, పాత్రలు టంకశాలకు పంపారు. వాటిని కరిగించి రూపాయలు కొట్టి సైనికులకు పంచి తిరుగుబాటును చల్లార్చారు. పదిహేను నెలల తరువాత, 1761 జనవరిలో, పట్టణం ఎలాగూ ఆంగ్లేయుల వశమైంది. పళ్ళేలు మాత్రం తిరిగిరాలేదు.

రంగపిళ్ళె వీధిలో నడుస్తూ నేను ఉదయంనాటి చేపలమ్మిని తలచుకున్నాను. ఇంట దాచిన వెండి బయటికి వచ్చే దారులు రెండే. ఒకటి, ధర పెరిగినదని సంతోషంగా అమ్ముకోవడం. రెండవది, గత్యంతరం లేక ఇచ్చివేయడం. లాలీ కాలపు పళ్ళేలూ, వేసవి నిషేధంలో వెళ్ళిన పట్టీలూ రెండవ దారిన పోయినవే. ఆ దారిన పోయే వెండికి ధరతో నిమిత్తం లేదు.

మన తెలుగు ఇళ్ళలో కూడా అంతే. అన్నప్రాశనంనాటి వెండి గిన్నె, పెళ్ళినాటి మట్టెలు, కుంకుమభరిణె, పంచపాత్ర, షష్టిపూర్తికి వచ్చిన పళ్ళెం. కరీంనగర్ పనివారు సన్నని తీగతో అల్లిన పన్నీరుబుడ్డి. లంబాడా స్త్రీలు దండగుచ్చుకున్న పాత రూపాయలు. వీటిని ఏ గిడ్డంగి నివేదికలోనూ లెక్కించరు. ప్రపంచపు వెండి నిలువలలో పెద్దవాటిలో ఇది ఒకటనడానికి లెక్కలు అక్కరలేదు. ఒక శతాబ్దానికి పైగా ఓడలలో వచ్చిన వెండి ఎక్కడికి పోయినదో ఆలోచిస్తే చాలును. పెద్దవాళ్ళు దాచారని చేపలమ్మి అన్నది గాని, పెద్ద నిలువ ఆమెవంటి కోట్లాది మంది పెట్టెలలోనే ఉన్నది. అది చెదిరి ఉన్నందువల్ల దానికి బలం లేదు, గౌరవం లేదు.

ధర ఎటు?

ఇక ధరల మాట. జోస్యం చెప్పడం నా వృత్తి కాదు. ఎన్నికల విషయంలో చెప్పి నాలుక కరచుకున్న అనుభవం చాలును. ధరను ఎటు లాగే శక్తులు ఎటు ఉన్నవో చెప్పగలను.

పైకి లాగేవి బలమైనవే. వెండికోసమే తవ్వే గనులు ప్రపంచంలో తక్కువ. అధికభాగం రాగి, సీసం, జింకు, బంగారం తవ్వుతుండగా వెంట వచ్చేది. విశాఖపట్నంలో ఒకనాడు నడిచి మూతపడిన జింకు కర్మాగారాన్ని ఎరిగినవారికి ఇది కొత్త కాదు. ఈనాడు మన దేశపు వెండి దాదాపు అంతా రాజస్థాన్ సీసం, జింకు గనులనుంచి వచ్చేదే. అది సంవత్సరానికి ఏడు వందల టన్నులకు అటూ ఇటూ, మన దిగుమతిలో పదోవంతు. వెండి ధర రెట్టింపైనంత మాత్రాన జింకు గనిని రెట్టింపు తవ్వరు. రెండవది, వాడకం మారింది. సౌర ఫలకాలకు, విద్యుత్ వాహనాలకు, ఎలక్ట్రానిక్ పరికరాలకు వెండి కావాలి. ప్రపంచ వినియోగంలో సగానికి మించి ఇప్పుడు పరిశ్రమలదే. 2021నుంచి వరుసగా ప్రతి సంవత్సరమూ రాబడికంటె వాడకమే హెచ్చుగా ఉంటూ, ఆ లోటు పాత నిలువలనుంచి తీరుతూ వచ్చింది.

కిందికి లాగేవి కూడా ఉన్నాయి. ధర మితిమీరితే పరిశ్రమలు వెండికి బదులు రాగిని వాడే ఉపాయాలు వెదుకుతాయి. సౌర ఫలకాల తయారీదారులు ఆ పనిలో ఉన్నారు. పాత వెండి కరగడానికి వస్తుంది. విపణి నిర్వాహకులు పూచీ సొమ్ము పెంచుతారు, 1980లోవలె. ప్రభుత్వాలు సుంకాలు మారుస్తాయి. అప్పుమీద కొన్నవారు ఒక్కసారిగా అమ్ముతారు. బంగారంతో పోల్చితే వెండి విపణి చిన్నది. చిన్న చెరువులో పెద్ద రాయి పడితే అల గట్టు దాటినట్లు, ఇందులో ధర పెరిగినా తగ్గినా అతిగానే ఉంటుంది. 1980లో యాభై డాలర్లవద్ద కొన్నవాడు ఆ ధరను మళ్ళీ కన్నులారా చూడడానికి 2011దాకా వేచి ఉండవలసి వచ్చింది. అప్పుడు కూడా అది దరిదాపులకు వచ్చి జారిపోయింది. దాటడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. అంతకాలం ఆగగల స్థోమత కలవారికే వెండి పెట్టుబడి. తక్కినవారికి అది ఆభరణం, ఆపద్ధనం.

పట్టీలకు దక్కవలసినది

ఆపద్ధనమైనపుడు ధరకంటె ముఖ్యమైనది తాకట్టు పద్ధతి. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో బంగారంతోపాటు వెండిపై ఇచ్చే అప్పులకు కూడా నిబంధనలు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. బ్యాంకులు, సహకార బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వెండి నగలు, నాణేలు తాకట్టు పట్టవచ్చును. కడ్డీలను పట్టరాదు. ఒక్కొక్కరికి నగలైతే పది కిలోలవరకు, నాణేలైతే అయిదు వందల గ్రాములవరకు. రెండున్నర లక్షల లోపు అప్పుకు విలువలో 85 శాతందాకా ఇవ్వవచ్చును. అప్పు తీరిన ఏడు పనిదినాలలో నగ తిరిగి ఇవ్వకుంటే, తప్పు సంస్థదైనపుడు, రోజుకు అయిదు వేల రూపాయలు చెల్లించాలి. వేలం వేయదలచితే ముందుగా నోటీసు ఇవ్వాలి. మిగులు సొమ్ము అప్పుదారుకు తిరిగి ఇవ్వాలి.

కడ్డీని కాదని కాలిపట్టీని గుర్తించిన నిబంధన ఇది. పెట్టుబడిదారునికీ గృహిణికీ తేడా పాటించినందుకు దీనిని మెచ్చుకోవాలి. అయితే వీధి చివరి తాకట్టు కొట్టుకు ఇది వర్తించదు. ఆ కొట్లమీద రాష్ట్రాల శాసనాలు వేరే ఉన్నాయి. వాటికి వెనుక 1872నాటి కాంట్రాక్టు చట్టం ఉన్నది. కుదువ సొత్తును తగిన నోటీసు ఇచ్చిన తరువాతనే అమ్మవలెననీ, అప్పుకు మించి వచ్చిన సొమ్ము సొత్తుదారుకే చెందుననీ అందులోని 176వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. నూట యాభై సంవత్సరాలుగా ఉన్న ఈ హక్కు సోలై నగర్ చేపలమ్మికి ఎవరూ చెప్పలేదు. గడువు తప్పితే సొత్తు కొట్టువానిదేనని ఆమె నమ్మింది, ఆమె తల్లి కూడా అలాగే నమ్మి ఉంటుంది. ఆమె పట్టీల అప్పటి విలువకూ ఆమె బాకీకీ మధ్య ఉన్న వ్యత్యాసం న్యాయంగా ఆమెది. వెండిని దాచినది ఎవరని వెదికేవారు మొదట వెదకవలసినది ఆ వ్యత్యాసాన్ని.

ఉత్తరాదినుంచి వచ్చే సభ్యులు, దక్షిణాదినుంచి వచ్చే సభ్యులు పార్లమెంటులో వెండి ధరపై ప్రశ్నలు వేయడం నేను ఎన్నో పర్యాయాలు విన్నాను. కుదువ కొట్టులో మిగులు సొమ్ము ఎవరికి పోతున్నదన్న ప్రశ్న నాకు గ్యాలరీలో కూర్చున్నంతకాలం వినిపించిన జ్ఞాపకం లేదు. ఏ సభ్యుడైనా ఈ లేఖ చదివితే, ప్రశ్నగా వేయడానికి పనికివస్తుందని మనవి.

మరునాడు ఉదయం ఆమె మళ్ళీ వచ్చింది. మిత్రుల సహాయంతో నాకు తెలిసినది చెప్పాను. ధర తగ్గుతుందో పెరుగుతుందో నాకు తెలియదన్నాను. పెళ్ళికి తప్పనిసరి కాబట్టి తేలికపాటివి, చేతిలోని డబ్బుకు సరిపడినంత, స్వచ్ఛత ముద్ర ఉన్నవి కొనమన్నాను. వెండి కొనడానికి మాత్రం అప్పు చేయవద్దన్నాను. పాత పట్టీల చీటీ ఉంటే తీసుకురమ్మని మిత్రులు చెప్పారు. తాము వెంట వచ్చి కొట్టువానితో మాట్లాడుతామన్నారు. చీటీ ఉన్నదని ఆమె అన్నది. మడతలు పడిన ఆ కాగితాన్ని ఆమె రవికలోంచి అప్పటికప్పుడే తీసి ఇచ్చింది. పట్టీలు పోయిన ఇన్ని నెలల తరువాత కూడా ఆమె దానిని వెంట పెట్టుకొనే తిరుగుతున్నది.

నేను ఢిల్లీ రైలు ఎక్కేనాటికి మిత్రులు కొట్టువానివద్దకు ఒకసారి వెళ్ళివచ్చారు. లెక్క చూసి చెబుతానని అతడు అన్నాడట. చూడాలి.